బూడిద రంగు ఆకు

మా ఇంట్లో వంశాలు రెండు. ఒకటి అందరికీ తెలిసినదే. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి మోంతెరావో కోటతో పాటు, మార్కేసే అనే బిరుదుతో పాటు దిగుతూ వస్తుంది. రెండోది అత్త నుంచి మేనకోడలికి దిగుతుంది. దానితో పాటు వచ్చే ఆస్తి ఒకే ఒక గది. సాంతా కియారా మఠంలో, బావి వైపు కిటికీ ఉన్న గది. ఈ గదిలో నేను ఆరోదాన్ని.

గదిని నూట యాభై ఏళ్ల కిందట మా వాళ్లే కట్టించారు. ధాన్యం ఎక్కువైన వాళ్లు గాదె కట్టించుకుంటారు, మా వాళ్లు ఆడపిల్లలు ఎక్కువై గది కట్టించుకున్నారు. మూల ఒక చెక్క పెట్టె ఉంది. దాని మూత లోపలివైపు ఆరు పేర్లు మేకుతో గీసి ఉన్నాయి. అయిదోది మా కొలోంబా అత్తది. ఆరోది నాది, సిస్టర్ ఓర్సోలా. అంతకు ముందు నా పేరు ఇప్పోలితా. ఆ పేరుతో నన్ను పిలిచిన వాళ్లలో ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

నా చేతిరాత బాగుంటుందని వంశవృక్షం పని నాకు అప్పగించారు. పిల్ల పుట్టినా, దొర పోయినా, కొత్త శాఖ విడిపోయినా తోలు కాగితం మీద ఆకు పెట్టేది నేనే. బతికున్న వాళ్లకి పచ్చ రంగు. పోయిన వాళ్లకి ఎండుటాకు రంగు. ఏలిన వాళ్లకి అంచున బంగారం. మాటపట్టు, అంటే బతికినంతకాలం మఠంలోనే ఉంటానన్న ప్రమాణం, తీసుకుని లోపల చేరిన వాళ్లకి బూడిద రంగు, ఊపిరి ఆడుతున్నా సరే. మాటపట్టు తీసుకున్న మనిషికి చట్టం లెక్కలో ఆస్తి లేదు, వారసత్వం లేదు, అసలా మనిషే లేదు. నా ఆకుకి బూడిద రంగు నేనే పూసుకున్నాను, పదహారో ఏట. చెయ్యి వణకలేదు. రంగు భలే కుదిరిందే అని కొలోంబా అత్త మెచ్చుకుంది కూడా.

కొలోంబా అత్త చెడ్డది కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే నేను తప్పించుకునేదాన్నేమో. నన్ను ఏడో ఏట ఆమె చేతుల్లో పెట్టారు. నాకు జ్వరం వస్తే నా మంచం పక్క నుంచి కదిలేది కాదు. మఠంలో కాల్చే బాదం బిళ్లల్లో మాడనివి ఏరి నాకు దాచేది. నా జడ ఆమె వేస్తే తప్ప నాకు తోచేది కాదు. అలా తొమ్మిదేళ్లు గడిచాక పదహారో ఏట నాకు తెల్ల పట్టు కట్టి, పెళ్లికూతురిలా బండిలో రెండు రోజులు ఊరంతా తిప్పారు. అది మా దగ్గర ఆచారం. లోకం చూపించకుండా పిల్లని లోపల వేశారని రేపు ఎవరూ అనకూడదు కదా.

తిప్పి తెచ్చాక బిషప్ గారి ప్రతినిధి వస్తాడు. తండ్రిని గుమ్మం బయట నిలబెడతాడు. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి మూడుసార్లు అడుగుతాడు, నీ ఇష్టంతోనే వస్తున్నావా అని. మూడింటిలో ఒక్కసారి కాదన్నా మాటపట్టు జరగదు. బలవంతపెట్టిన వాడు తండ్రైనా, ప్రభువైనా చర్చి వెలివేస్తుంది. నియమం గట్టిదే. అందుకే మా ఇంట్లో పిల్లని ఏడో ఏటే అత్తకి అప్పగిస్తారు. తొమ్మిదేళ్లు ఒక చెయ్యి ముద్ద పెట్టి జడ వేశాక ఆ చేతిని వదులుకుంటావా అని అడిగితే ఏ పిల్ల అవునంటుంది? ఇక బలవంతం చేసే పనేముంది?

"మూడుసార్లూ అవునను" అని నాకు నేర్పింది అత్త. "మొదటిసారి తలెత్తి చెప్పు. రెండోసారి కాస్త నవ్వుతూ చెప్పు. మూడోసారి గట్టిగా చెప్పు, గుమ్మం బయట నాన్నకి వినపడాలి." నేను అచ్చం అలాగే చెప్పాను. మా నాన్న గుమ్మం బయట చప్పట్లు కొట్టాడని తర్వాత చెప్పుకున్నారు.

ఇదంతా జరిగి ముప్పై ఆరేళ్లు గడిచాయి. అది చాలదన్నట్టు, నేను యాభై రెండో ఏట ఉండగా, ఏడో ఏట నా చేతుల్లో పెట్టిన నా మేనకోడలు తాద్దెయాకి పదహారు వచ్చాయి.

అసలు సంగతికి ముందు డాన్ ఎర్కోలే గురించి చెప్పాలి. మా వంశంలో పియెత్రస్కూరా అని చిన్న శాఖ ఉంది. కొండ మీద కోట, కింద వంతెన, చుట్టూ చెస్ట్‌నట్ అడవి. ఆ వంతెన దాటకుండా ఉప్పు బళ్లు కొండ అవతలికి పోలేవు కాబట్టి మా పెద్ద శాఖ వాళ్ల కళ్లన్నీ దాని మీదే. దాని దొర డాన్ ఎర్కోలే. పిల్లల్లేరు. నలభయ్యో ఏట ఊపిరితిత్తులు పాడై ఇవాళో రేపో అన్నారు. వైద్యులు చేతులెత్తేశారు, పాదిరి గారు పోయే ముందు రాసే చివరి నూనె కూడా రాశాడు. అప్పటి నుంచి ఆయన చస్తూనే ఉన్నాడు. ఆయన్ని చూసిన వైద్యులు ముగ్గురూ పోయారు. నూనె రాసిన పాదిరి గారూ పోయాడు. డాన్ ఎర్కోలే మాత్రం దగ్గుకుంటూ డెబ్బై ఆరో ఏట అడుగుపెట్టాడు.

అంతకు రెండు చలికాలాల ముందు మా తమ్ముడు గలెయాజ్జో, అంటే ఇప్పటి మార్కేసే, తాద్దెయా తండ్రి, చిన్న శాఖ కాగితాల పెట్టె నాకు పంపాడు, తేదీలు సరిచూడమని. అడుగున లాటిన్‌లో పాత శాసనం ఒకటి ఉంది. ఆడవాళ్లు లాటిన్ పాడతారే గాని చదవరని వాడి నమ్మకం. లేకపోతే పంపేవాడు కాదు.

నేను చదివాను. పియెత్రస్కూరా మొదట ఒక ఆడమనిషి పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆవిడ బుద్ధిమంతురాలు. పియెత్రస్కూరాలో మగసంతు అంతరిస్తే మా రక్తంలో మాటపట్టు తీసుకోని దగ్గరి ఆడపిల్లకి అది చెందాలని, అలాంటి పిల్ల ఎవరూ లేకపోతేనే పెద్ద శాఖ ప్రభువుకి పోవాలని చక్రవర్తి చేత రాయించుకుంది.

కాగితం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. డాన్ ఎర్కోలే మొదటిసారి చావబోయింది ఏ సంవత్సరమో గుర్తుంది. అది నన్ను బండిలో తిప్పిన సంవత్సరమే. క్రిస్మస్ దాకా ఆగుదామని మఠాన్ని ఏలే అమ్మగారు అంటే, మా నాన్న ఆగనన్నాడు. నాన్నకి ఎంత భక్తి అనుకున్నాను నేను. నన్ను దేవుడికి ఇవ్వలేదు, ఒక వంతెన కోసం గోడలో పెట్టి మెత్తారు. పైగా ఆ ముసలాయన చావనుకూడా లేదు. ముప్పై నాలుగేళ్లుగా నేను లోపల ఉన్నది ఉత్తినే. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ పూట బిళ్లలు కాల్చే బట్టీ దగ్గరికి పోయి పది బాదం బిళ్లలు వరసగా తిన్నాను.

తాద్దెయాకి అప్పుడు పద్నాలుగు. పక్క బల్ల మీద కూర్చుని నాకు రంగులు నూరి పెడుతోంది. చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే కారణం ఒక్కటే, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను. చెబితే అది వెళ్లిపోతుంది. అది వెళ్లిపోతే ఈ గదిలో నేనొక్కదాన్నే మిగులుతాను. పిల్ల నవ్వు లేకుండా ఈ నాలుగు గోడల్ని నేను చూడలేను. అలా రెండేళ్లు నోరు కట్టేసుకున్నాను.

ఆ ఏడు చెస్ట్‌నట్‌లు ఏరే రోజుల్లో గలెయాజ్జో వచ్చాడు. మాట్లాడే గదిలో ఇనప ఊచలకి అవతల వాడు, ఇవతల నేను. వాడికి పొట్ట వచ్చింది, ఊచల మధ్య నుంచి చూస్తే మూడు ముక్కలుగా కనపడుతుంది.

"ఎలా ఉన్నావక్కా?"

"ఎక్కడ పెట్టావో అక్కడే ఉన్నాను. ఏం పని మీద వచ్చావు?"

"పని ఉంటేనే వస్తానా?"

"పోయిన ఈస్టర్‌కి పని లేదు, రాలేదు."

వాడు గొంతు సవరించుకున్నాడు. "ఎర్కోలే పెదనాన్నకి బాగోలేదు. ఈసారి నిజంగానే."

"పాపం. ఈసారి ఎన్నోసారి?"

"వేళాకోళం వద్దక్కా. చక్రవర్తి గారి అధికారి పై నెల వస్తున్నాడు. వృక్షం ఆయన చేతికివ్వాలి. ఈ వారంలో పూర్తిచెయ్యి."

"ఏముంది, తాద్దెయా ఆకొక్కటే మిగిలింది. మాటపట్టు అయ్యాక పూస్తాను."

"ఇప్పుడే పూసెయ్."

"ఇంకా అడగలేదు కదరా దాన్ని. పద్దెనిమిది రోజులుంది."

"అడిగితే మాత్రం ఏమంటుంది? మన ఇంట్లో ఎవరైనా కాదన్నారా ఇంతవరకు?" వాడు ఊచల దగ్గరికి జరిగాడు. గొంతు మెత్తబడింది. "పియెత్రస్కూరా ఆడపిల్ల చేతికెళ్లడమంటే అల్లుడి చేతికెళ్లినట్టే. ఊరూ పేరూ లేనివాడు వచ్చి మన వంతెన మీద కూర్చుంటాడు. నువ్వు మన ఇంటి మనిషివి, నీకు చెప్పాలా? అయినా నీకే కదా మంచిది. ముసలితనంలో తోడుంటుంది."

నాకు తెలుసని వాడికి తెలుసు. లాటిన్ సంగతి ఎలా పసిగట్టాడో ఏమో. నా నోరు ఏది మూసిందో కూడా తెలుసు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను నేను.

"రంగు నూరి పెడతాను" అన్నాను చివరికి.

ఆ వారమంతా తాద్దెయాకి జవాబులు నేర్పాను. అది అత్త చెయ్యాల్సిన పని, తరతరాలుగా ఇంతే. మఠం అమ్మగారు రోజూ అడిగేది, పిల్ల తయారైందా అని. తాద్దెయా సన్నగా, పొడుగ్గా ఉండేది. కాలు ఒకచోట నిలిచేది కాదు. బావి చుట్టూ పరిగెత్తిందని వారానికోసారి శిక్ష పడేది.

నేను ప్రతినిధి డాన్ ప్రొస్పెరోలా కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట మీద చేతులు పెట్టుకుని అడిగాను. "నీ ఇష్టంతోనే వస్తున్నావా అమ్మా?"

"అవునండీ. కిటికీలోంచి వద్దామంటే ఊచలు అడ్డమొచ్చాయండీ."

పని చేసే సిస్టర్ జీతా నీళ్ల కుండ దించుతూ పకపకా నవ్వింది. "ఈ పిల్ల డాన్ ప్రొస్పెరో గారి ప్రాణం తీస్తుంది సిస్టరమ్మా. ఆయన అసలే నవ్వితే దగ్గుతాడు."

"సరిగ్గా చెప్పు తాద్దెయా" అన్నాను.

అది తలెత్తి ఒకసారి అవునంది. నవ్వుతూ ఒకసారి అవునంది. గట్టిగా ఒకసారి అవునంది. అచ్చం నాలాగే, ముప్పై ఆరేళ్ల కిందటి నాలాగే.

"నిజం చెప్పనా అత్తా?" అంది అది నా పక్కన చేరి. "బండిలో తిప్పుతారు చూడు, అది తల్చుకుంటే భయమేస్తుంది. తిరిగి తిరిగి లోపలికి రాబుద్ధి కాదేమో అని. కానీ నువ్వున్నావు కదా. నేను రాకపోతే నీ కళ్లజోడు ఎవరు వెతికి పెడతారు?"

ఇనప ఊచలు కాదు దీన్ని పట్టుకున్నది. నేను. నా కళ్లజోడు, నా బాదం బిళ్లలు, నేను వేసిన జడ. కొలోంబా అత్త నన్ను పట్టుకున్నట్టే. ఆ శాసనం సంగతి అత్తకి తెలుసో లేదో, పైకి వెళ్లాక అడగాల్సిన వాటిలో అది మొదటిది.

అయినా చెప్పలేదు నేను. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

మర్నాడు మధ్యాహ్నం కిటికీ దగ్గర వెలుగు బాగుండగా తోలు కాగితం పరిచి బూడిద రంగు పూశాను. తాద్దెయా అన్న పేరు మీద, పచ్చ ఆకు మీద. ఈసారి చెయ్యి వణికింది. రంగు అంచు దాటి పక్క ఆకుకి అంటింది. తుడుద్దామని గుడ్డ కోసం తిరిగేసరికి అది వెనకాలే నిలబడి ఉంది.

"నన్నింకా అడగలేదు కదత్తా" అంది.

నేను కుంచె కింద పెట్టాను.

"నాకింకా పదిరోజులుంది. ఇప్పుడే ఎందుకు చంపేశావు?"

పిల్లకి రంగుల అర్థం నేనే నేర్పాను. ఆ ఒక్క ఆకునే చూడలేదు అది. వేలుతో ఒక్కొక్క బూడిద ఆకునే తాకుతూ పైకి వెళ్లింది. నేను, కొలోంబా అత్త, ఆమె అత్త, ఆ పై అత్త. ప్రతి కొమ్మకీ ఒకటో రెండో. అన్నీ ఆడపేర్లే. తర్వాత వేలు చిన్న శాఖ మీదికి వెళ్లి డాన్ ఎర్కోలే పచ్చ ఆకు దగ్గర ఆగింది. ఆయన కింద ఏమీ లేదు. పిల్ల తెలివైంది. ఊరికే అంది, "ఈయన తర్వాత ఎవరు?"

ఇక అక్కడ దాచలేకపోయాను. పెట్టె తీసి శాసనం దాని ముందు పెట్టాను. దానికి కూడా లాటిన్ నేనే నేర్పాను. నిలబడే చదివింది. చదివాక నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. నేను ఎందుకు లోపలికి వచ్చానో, మూడు జవాబులు నాకు ఎవరు నేర్పారో, గలెయాజ్జో ఏమన్నాడో. అన్నీ చెప్పాక అది ఒకే ఒక ప్రశ్న వేసింది.

"ఈ కాగితం నువ్వు ఎప్పుడు చూశావు?"

"పోయినదాని ముందటి చలికాలం."

"రెండేళ్లు." కాగితం బల్ల మీద పెట్టేసింది. "రెండేళ్లు నా జడ వేస్తూ ఊరుకున్నావా?"

"నువ్వు వెళ్లిపోతావని ఊరుకున్నానే. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు."

"నాన్నకి వంతెన కావాలి. నీకు నేను కావాలి. ఇద్దరూ ఒకటే." అరవలేదు, ఏడవలేదు. మెల్లగా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. ఆ మాట అనిపించుకోవడానికి నేను అర్హురాలినే. అయినా పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. జడ జీతా చేత వేయించుకుంది. ఎనిమిదో రోజున తెల్ల పట్టు కట్టించుకుని బండెక్కింది. రెండు రోజులు ఊరి గంటలన్నీ మోగాయి. చుట్టాల ఇళ్లలో ఏం తిందో, ఎవరితో నవ్విందో జీతా తిరుగుడు పెట్టె దగ్గర పాలవాడిని అడిగి వచ్చి చెప్పేది. గోడలో ఉన్న ఆ పెట్టె తిప్పితే బయటి వస్తువు లోపలికి వస్తుంది, మనుషులు మాత్రం కనపడరు.

"పిల్ల ఏమంటుందో?" అన్నాను జీతాతో.

"మీరేమనాలనుకుంటున్నారు సిస్టరమ్మా?"

"కాదనాలి."

"మరి ఏడుపెందుకు?"

"కాదంటుందని."

జీతా పళ్లెం కడుగుతూ, "ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే" అంది. ఆవిడకి అందరి మీదా ఒకటే జాలి.

ప్రశ్న అడిగే రోజున అత్తని ఊచల ఇవతల కూర్చోనిస్తారు. వినొచ్చు, మాట్లాడకూడదు. తాద్దెయా పట్టుబట్టలతో అవతల బల్ల మీద కూర్చుంది. నా వైపు చూడలేదు. డాన్ ప్రొస్పెరో మా మఠం బాదం బిళ్లల పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. గలెయాజ్జోని గుమ్మం బయటికి పంపి తలుపు వేశారు.

"నీ ఇష్టంతోనే వస్తున్నావా అమ్మా?"

తాద్దెయా తలెత్తింది. "అవును" అంది.

ఇంత చెప్పినా, ఇంత కోపం వచ్చినా పిల్ల ఆ పాత దారిలోనే పడింది. బయట రెండు రోజులు తిరిగొచ్చి భయపడిందేమో. తొమ్మిదేళ్లు నేర్పింది పది రోజుల్లో పోతుందా? అరవాలనిపించింది. చేతులు ఒళ్లో బిగించుకున్నాను. అరిస్తే విచారణ చెల్లదు, మళ్లీ మొదలుపెడతారు, ఈసారి నేను లేకుండా.

"రెండోసారి అడుగుతున్నాను. నీ ఇష్టంతోనేనా?"

అది కాస్త నవ్వింది. "అవును."

డాన్ ప్రొస్పెరో ఇంకో బాదం బిళ్ల నోట్లో వేసుకుని, రాసుకునే కాగితం మీద అప్పుడే సంతకం మొదలుపెట్టాడు. నమలడం ఆపకుండానే మూడోసారి అడిగాడు.

"కాదు" అంది తాద్దెయా. గట్టిగా అంది, గుమ్మం బయట నాన్నకి వినపడేలా.

ఆయన నమలడం ఆగిపోయింది. "అదేంటమ్మా? రెండుసార్లు అవునన్నావు."

"ఆ రెండూ మా అత్తవి. ఇది నాది." అప్పుడు నా వైపు తిరిగింది. ఊచల మధ్య నుంచి నన్ను సూటిగా చూసింది. కోపం పోలేదు ఆ కళ్లలో. "రాసుకోండి, మూడోది కాదు."

గుమ్మం తలుపు దభీమని తెరుచుకుంది. తర్వాత జరిగింది చెప్పుకునేంత గొప్పగా లేదు. గలెయాజ్జో అరిచాడు. డాన్ ప్రొస్పెరోకి వెలి మాట గుర్తొచ్చి, బిళ్ల గొంతుకి అడ్డంపడి, దగ్గి దగ్గి, చివరికి కాగితం మీద కాదు అని రాశాడు. పిల్లని ఆ సాయంత్రమే డాన్ ఎర్కోలే ఇంటికి చేర్చారు. బలవంతం లేదని రుజువు చేసుకోవడానికి గలెయాజ్జోకి వేరే దారి లేకపోయింది. నా దగ్గర వృక్షం లాక్కున్నారు. మాట్లాడే గదికి నేను రాకూడదన్నారు. ఎవరు వస్తారని రావడం?

డాన్ ఎర్కోలే నాలుగేళ్లు బతికాడు. ఆయన అలవాటే అంత. పోయే ముందు తాద్దెయాకి పెళ్లి చేసి, వంతెన తాళం చేతిలో పెట్టి పోయాడట. ప్రతి ఏడూ చలి మొదలయ్యే వేళకి తిరుగుడు పెట్టెలో నా పేరు మీద చెస్ట్‌నట్ పిండి మూట ఒకటి వచ్చేది. మూటకి ఉత్తరం ఉండేది కాదు. నేను మూట విప్పి, అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికేదాన్ని. పదకొండు మూటలు వెతికాను. పిల్ల బయట ఉండడమే నా మొదటి గెలుపు, నాకు మిగిలిన శిక్షా అదే. కళ్లజోడు నేనే వెతుక్కునేదాన్ని. ఒక్కోసారి దొరికేది కాదు. పెట్టె మూత లోపల నా పేరు కింద ఖాళీ చెక్కని చూసినప్పుడు మాత్రం తృప్తిగా ఉండేది. ఇక్కడితో ఈ వంశం ఎండిపోయింది కదా అని.

పన్నెండో ఏట మూటతో పాటు ఉత్తరం వచ్చింది. రాయసగాడి చేతిరాత, కింద పియెత్రస్కూరా ముద్ర. జీతాకి చదువు రాదు, నా కళ్లకి అక్షరం ఆనదు. మఠం కొత్త అమ్మగారు చదివి వినిపించింది.

మా ఇద్దరు కుమార్తెలలో పెద్దదానికి పియెత్రస్కూరా నిశ్చయించాము. సంస్థానం రెండు ముక్కలైతే నిలవదు గనుక, రెండవ కుమార్తె వియోలాంతేకి ఏడవ ఏడు నిండినందున, మా వంశపు గదిలో, మా మేనత్తగారి సంరక్షణలో ఉంచదలిచాము.

విని నవ్వాను. ఆ నవ్వు నాకే నచ్చలేదు. తప్పించుకుని పోయిన పిల్ల కూడా పెద్దయ్యాక అదే మాట రాసింది, అదే కారణం, అదే ఏడో ఏడు. దాన్ని నేను ఎందుకు పంపాను? దాని చేతికి తాళం దొరకగానే అది వేసిన మొదటి తాళం సొంత కూతురి మీదేనా? "వద్దని రాయండి" అన్నాను అమ్మగారితో. "ఈ గదికి వారసులు లేరని రాయండి."

"రాయడానికి లేదు సిస్టర్. వాళ్ల గది, వాళ్ల పిల్ల. ఎల్లుండి తెస్తున్నారు. మీరు కాదంటే ఇంకెవరైనా పెంచుతారు." అమ్మగారు కాగితం మడవబోయి ఆగింది. "అడుగున చిన్న అక్షరాలతో ఇంకో ముక్క ఉంది. ఇది వేరే చెయ్యి."

"ఏమని?"

"మా ఆయన్ని, వాళ్ల వాళ్లని నేను ఒప్పించలేకపోయాను. అత్తా, దీనికి మూడో జవాబు ముందు నేర్పు." అమ్మగారు కళ్లు చిట్లించింది. "మూడో జవాబేంటి?"

"ప్రార్థనలోది" అన్నాను. మఠంలో నేనాడిన అబద్ధాల్లో అది ఒక్కటే నాకు ఇష్టమైంది. గదికి వచ్చి పెట్టె మీద కూర్చుని, పన్నెండేళ్ల ఏడుపు ఒక్కసారే ఏడ్చాను.

వియోలాంతే వచ్చింది. గుండ్రటి ముఖం, చేతిలో ఒక కాలు విరిగిన కొయ్య గుర్రం. వెనక పెద్ద తలుపు గడియ పడిన చప్పుడికి ఉలిక్కిపడి నా ముసుగు కొంగు పట్టుకుంది. నాకు బాగా తెలిసిన పట్టే అది. ఆ పట్టు తియ్యగా ఉంటుంది, అందులోనే ఉంది మొత్తం మోసం. వేళ్లు ఒక్కొక్కటే విడిపించి కొంగు లాక్కున్నాను.

గదిలో కుర్చీలో వెనక్కి వాలి పొట్ట మీద చేతులు పెట్టుకున్నాను. ఇప్పుడు నిజంగానే పొట్ట ఉంది. బల్ల మీద బాదం బిళ్లలు పెట్టాను.

"నీ ఇష్టంతోనే వచ్చావా అమ్మా?"

పిల్ల బిళ్లల వంక చూసింది. "అమ్మ పంపించింది అమ్మమ్మా."

"అది జవాబు కాదు. నీ ఇష్టంతోనే వచ్చావా?"

కాసేపు ఆలోచించి, ఏమంటే నాకు నచ్చుతుందో నా ముఖంలో వెతికింది. "అవును" అంది మెల్లగా.

"కాదు అనాలి."

"కాదు."

"నాకు చెవుడు. గట్టిగా."

"కాదు" అని అరిచింది. బావి దగ్గర జీతా కుండ దించి ఇటు తిరిగి చూసింది. పిల్లకి నవ్వొచ్చింది. బిళ్ల ఒకటి తీసుకుని, "మళ్లీ అడుగు" అంది.

నాకు అరవై నాలుగు. దానికి పదహారు రావాలంటే ఇంకా తొమ్మిదేళ్లుండాలి. చస్తాడన్న డాన్ ఎర్కోలే అన్నేళ్లు ఉన్నాడు, నేనెందుకు ఉండను? మళ్లీ అడిగాను.